ముక్కులో చుక్కలు, అంగిట్లో పుండు

రండర్రా, చాప పరిచాను, కూర్చోండి. ఇవాళ జలుబు గురించి చెప్తాను. "సంతోషానికీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం చెప్తానని ఈ జలుబేమిటి తాతయ్యా" అని బుజ్జి అప్పుడే మొహం చిట్లిస్తోంది. అక్కడికే వస్తున్నానమ్మా. సంతోషంగా ఉన్నవాడికి రోగం రాదని అందరూ అంటారు. నిజమో కాదో తేలాలంటే ఎవరో ఒకరు కొలిచి చూడాలి కదా. అలా కొలిచినవాళ్లలో ఒకాయన ముక్కు దగ్గర మొదలుపెట్టాడు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ అనే ఊళ్లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ ఉంది. అక్కడ షెల్డన్ కోహెన్ అనే ప్రొఫెసరు, ఆయన జట్టువాళ్లు కలిసి 334 మంది ఆరోగ్యవంతుల్ని పోగుచేశారు. 18 ఏళ్ల నుంచి 54 ఏళ్ల దాకా వయసున్నవాళ్లు. ముందు కొన్ని సాయంత్రాలు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇవాళ హుషారుగా గడిచిందా, నిమ్మళంగా ఉన్నారా, దిగులేమైనా ఉందా, ఎవరిమీదైనా చిరాకు పడ్డారా అని అడిగి రాసుకున్నారు. ఒకే రోజు అడిగి ఊరుకోకపోవడంలోనే ఉంది తెలివంతా. ఎంత సరదా మనిషికైనా ఓ పూట తలనొప్పి ఉంటుంది. పదే పదే అడిగితే గానీ మనిషి తీరు బయటపడదు. ఆ తర్వాత అందర్నీ తీసుకెళ్లి, విడివిడి గదుల్లో ఉంచి, జలుబు తెప్పించే రైనోవైరస్ కలిపిన చుక్కలు ముక్కుల్లో వేశారు.

తెలిసి తెలిసీ వేయించుకున్నారా అంటే, అవునురా చిన్నోడా, సంతకాలు పెట్టి మరీ వేయించుకున్నారు. వాళ్లకి డబ్బులిచ్చారులే. కానీ డబ్బులిచ్చినా ఊరికే జలుబు తెచ్చుకోవడానికి ఎంతమంది ముందుకొస్తారు? సైన్సు పుస్తకంలో ఒక్క వాక్యం రాయడానికి వెనక ఇంతమంది చీదుకుంటూ కూర్చోవాలి. వాళ్లకి నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఎవరికి జలుబు పట్టిందో ఎలా తేల్చాలి? మనిషిని అడిగితే సరిపోదు. సరదా మనిషి ముక్కు కారుతున్నా "నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా" అంటాడు. దిగులు మనిషి ఒక్క తుమ్ముకే మంచమెక్కుతాడు. అందుకని వాళ్లు చీదిన టిష్యూ కాగితాలన్నీ సంచుల్లో వేయించి, త్రాసులో పెట్టి తూచారు. కాగితం బరువు తీసేస్తే మిగిలింది చీమిడి బరువు. ఛీ ఛీ అనకండి, లెక్కంటే అలాగే ఉండాలి. ఇంకోటి, ముక్కులో చిన్న రంగు చుక్క వేసి, అది గొంతులోకి జారడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం పెట్టి చూశారు. ముక్కు లోపల ఎంత దిబ్బడ ఉందో అలా తెలుస్తుంది. 2003లో లెక్కలు అచ్చువేశారు. హుషారు, నిమ్మళం బాగా తక్కువగా ఉన్న గుంపువాళ్లకి, అవి ఎక్కువగా ఉన్న గుంపువాళ్లతో పోలిస్తే జలుబు పాలయ్యే అవకాశం దాదాపు మూడు రెట్లు ఉంది. అందరి ముక్కుల్లోనూ పడినవి రైనోవైరస్ చుక్కలే.

ఇది విన్న రోజునుంచి నాకు ముక్కు మీద గౌరవం పెరిగింది. ఇక నోటి దగ్గరికి రండి.

బుజ్జీ, నీ ఇంటర్ పరీక్షలప్పుడు నోటిపూత వచ్చి అన్నం మింగలేక ఏడ్చావు, గుర్తుందా? వేడి చేసిందని మీ అమ్మ పూటపూటకీ మజ్జిగ పట్టించింది. నీకు తెలీకుండానే నువ్వు చూసినదాన్ని 1998లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీవాళ్లు లెక్కకట్టి చూపించారు. జానిస్ కీకోల్ట్-గ్లేసర్ అని ఒకావిడ, ఫిలిప్ మరూచా అని ఒక దంతవైద్యుడు, ఇంకా వాళ్లతో కొందరు. పళ్ల డాక్టరు చదువు చదువుతున్న 11 మంది విద్యార్థుల్ని పిలిచారు. వేసవి సెలవుల్లో ఒక్కొక్కరి అంగిట్లో మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పున చిన్న పుండు చేశారు. మత్తు ఇచ్చే చేశారు, భయపడకండి. రోజూ ఫొటో తీసి, పూర్తిగా ఎప్పుడు మానిందో రాసుకున్నారు. తర్వాత పెద్ద పరీక్షకి మూడు రోజుల ముందు అదే విద్యార్థికి, అంగిలికి రెండో పక్కన, అంతే పుండు మళ్లీ చేశారు. మనిషి అదే, నోరు అదే, వయసు అదే. మారింది పరీక్ష ఒక్కటే. పరీక్షలప్పటి పుండు మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది, అంటే 40 శాతం ఆలస్యం. 11 మందిలో ఒక్కరికి కూడా పరీక్షలప్పుడు తొందరగా మానలేదు. అందులోనూ వీళ్లు కుర్రకారు, పరీక్షలు రాయడంలో ఆరితేరినవాళ్లు. ఒక్క వారం హైరానాకే ఒళ్లు ఇంత లెక్క చూపిస్తే, ఏళ్ల తరబడి హైరానా పడేవాళ్ల సంగతేమిటి?

అసలిదంతా లోపల ఎలా జరుగుతుందో చెప్తాను. మొన్న సందు మలుపులో కుక్క వెంటబడితే చిన్నోడు ఎంత దూరం పరిగెత్తాడు! మామూలుగా పరిగెత్తమంటే ఆ పరుగులో సగం కూడా రాదు వీడికి. మెదడులో హైపోథాలమస్ అని బాదంగింజంత భాగం ఉంది. అపాయం అనిపించగానే అక్కణ్ణుంచి కబురు వెళ్తుంది. మూత్రపిండాల మీద టోపీలు పెట్టినట్టు రెండు అడ్రినల్ గ్రంథులున్నాయి. వాటినుంచి ముందు అడ్రినలిన్, కాస్త వెనకగా కార్టిసాల్ రక్తంలోకి దిగుతాయి. గుండె వేగం పుంజుకుంటుంది, బీపీ పెరుగుతుంది, కాలేయం చక్కెరని వదులుతుంది, అరుగుదల మందగిస్తుంది, నోరు ఎండిపోతుంది. పరిగెత్తడానికి అక్కరలేని పనులన్నీ ఒళ్లు ఆ కాసేపూ పక్కకి పెడుతుందన్నమాట. అక్కరలేని పనుల్లో పుండు మాన్పడం ఒకటి. దెబ్బ తగిలినచోట మరమ్మతు మొదలవాలంటే ముందు అక్కడ కాస్త వాపు, ఎరుపు రావాలి. రమ్మని తెల్లకణాల్ని పిలిచే రసాయనాలు ఊరాలి. కార్టిసాల్ ఆ ఊటని అణుస్తుంది. పళ్ల డాక్టరు చదువు చదువుతున్న ఆ పిల్లల రక్తంలో అలాంటి పిలుపు రసాయనం ఒకటి పరీక్షలప్పుడు మూడింట రెండొంతులు పడిపోయింది.

కుక్క వెళ్లిపోయాక అన్నీ మళ్లీ మామూలుకి రావాలి, వస్తాయి కూడా. పొలంలో బోరు మోటారు గంటసేపు వేసి కట్టేస్తే చేనూ తడుస్తుంది, మోటారూ బాగుంటుంది. వేసినవాడు మర్చిపోయి ఊరెళ్లిపోతే నీళ్లు అడుగంటాక కూడా తిరిగి తిరిగి కాయిల్ కాలిపోతుంది. అప్పు, ఇంట్లో గొడవ, ఆఫీసులో మాటలు, రేపేమవుతుందోననే బెంగ, ఇవి కుక్కలా వచ్చి పోయేవి కావు. వీటిలో బతికేవాళ్లకి మోటారు ఆగదు. కొన్నాళ్లకి కణాలు కార్టిసాల్ మాటే వినడం మానేస్తాయి. అప్పుడు వాపు అదుపు తప్పుతుంది. జలుబులో ముక్కు కారడం, దిబ్బడ, గొంతు మంట, ఇవి చాలావరకు వైరస్ చేసే పని కాదు, మన ఒళ్లు చేసే హడావిడే. ఆ హడావిడి అదుపు తప్పితే టిష్యూల సంచి బరువెక్కుతుంది. 2012లో కోహెన్ బృందమే ఈ ముడి కూడా విప్పింది.

మొగుడూ పెళ్లాల మీద చేసిన పరీక్ష ఒకటుంది, అది మీకంటే మీ అమ్మానాన్నలు వినాలి. అదే ఒహాయోలో, అదే కీకోల్ట్-గ్లేసర్, 42 జంటల్ని ఆస్పత్రి విభాగంలో ఒక రోజు చొప్పున రెండుసార్లు ఉంచింది. ముంజేతి మీద చిన్న చిన్న బొబ్బలు లేపారు. మొదటిసారి ఒకరికొకరు ఊతమిచ్చే కబుర్లు చెప్పుకోమన్నారు. రెండోసారి వాళ్లకి ఎప్పుడూ తేలని పేచీ ఏదో దాన్ని మాట్లాడుకోమన్నారు. పేచీ మాట్లాడుకున్నాక బొబ్బలు మానడానికి ఇంచుమించు ఒక రోజు ఎక్కువ పట్టింది. రెండుసార్లూ బాగా కటువుగా మాట్లాడుకునే జంటల బొబ్బలైతే, నెమ్మదిగా మాట్లాడుకునే జంటల బొబ్బలు మానే వేగంలో 60 శాతంతోనే మానాయి. అరగంట మాటలు చర్మం మీద కనిపించాయి. ఇది చదివిన సాయంత్రం మీ నాయనమ్మ దగ్గరికెళ్లి కూర్చుని చాలాసేపు మాట్లాడాను.

మరి దీర్ఘాయువు సంగతి? దానికి క్రైస్తవ సన్యాసినుల కథ చెప్పుకోవాలి. అమెరికాలో స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నోటర్‌డామ్ అని ఒక సంఘం. దీక్ష తీసుకునేముందు ప్రతి అమ్మాయీ తన జీవితం గురించి చిన్న వ్యాసం చేత్తో రాసివ్వాలని 1930లో పైవాళ్లు అడిగారు. అప్పటికి వాళ్ల సగటు వయసు 22. ఆ కాగితాలు బీరువాల్లో ఉండిపోయాయి. 1986లో డేవిడ్ స్నోడన్ అనే పరిశోధకుడు ముసలితనాన్ని, మతిమరపుని అధ్యయనం చేయడానికి వాళ్ల దగ్గరికెళ్లి, ఆ కాగితాలు చూశాడు. 180 మంది రాసినవాటిలో సంతోషం, కృతజ్ఞత, ఆశ పలికే వాక్యాలు ఎన్నున్నాయో ఆయన బృందం ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఒకమ్మాయి పుట్టిన తేదీ, చదివిన బడి, చేసిన పని వరసగా రాసి ముగించేసింది. ఇంకో అమ్మాయి గడిచిన ఏడాది ఎంత బాగుందో, ముందున్న రోజుల కోసం ఎలా ఎదురుచూస్తోందో రాసింది. 2001లో లెక్క తేలేసరికి, సంతోషపు వాక్యాలు ఎక్కువ రాసిన పావువంతు మందికీ, తక్కువ రాసిన పావువంతు మందికీ ఆయుష్షులో ఏడేళ్ల దాకా తేడా వచ్చింది. వీళ్లందరిదీ ఒకే తీరు తిండి, ఒకే తీరు ఇల్లు, ఒకే రకం పని. పొగాకు లేదు, అతి తాగుడు లేదు, కాన్పులు లేవు. అందుకే ఈ లెక్కకి అంత విలువ.

ఇక్కడిదాకా విని, అయితే నవ్వుతూ ఉంటే చాలు, నూరేళ్లు బతికేయొచ్చని లేచిపోకండి. కూర్చోండి. రెండో పక్క కూడా చెప్పకపోతే నేను మీకు సగం సైన్సే చెప్పినట్టు.

బ్రిటన్‌లో లక్షలాది ఆడవాళ్లని ఏళ్ల తరబడి కనిపెట్టి చూసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులోంచి ఏడు లక్షల పైచిలుకు మందిని, సగటున 59 ఏళ్లవాళ్లని, మీరు ఎంత తరచుగా సంతోషంగా ఉంటారని అడిగారు. ప్రతి ఆరుగురిలో అయిదుగురు ఎక్కువకాలమో, మామూలుగానో సంతోషంగానే ఉంటామన్నారు. తర్వాత పదేళ్లు కనిపెట్టారు. ఆ పదేళ్లలో ముప్పై వేలమందికి పైగా పోయారు. పైపైన చూస్తే సంతోషం లేదన్నవాళ్లలోనే చావులు ఎక్కువ. కానీ బెట్టీ లియు, రిచర్డ్ పీటో, వాళ్ల తోటివాళ్లు అక్కడ ఆగలేదు. అడిగిన రోజుకే ఎవరికి జబ్బుంది, ఎవరు సిగరెట్ తాగుతారు, ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఇవన్నీ లెక్కలోకి తెచ్చారు. తెచ్చేసరికి ఆ తేడా మాయమైపోయింది. 2015 చివర్లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దిగులు మనిషిని చంపడం కాదు, ఒంట్లో ముందే ఉన్న జబ్బు దిగులు తెచ్చింది, ఆ జబ్బే ప్రాణం తీసింది అన్నారు వాళ్లు.

"మరి ఏది నిజం?" మంచి ప్రశ్న బుజ్జీ. నాకు అర్థమైనంతలో చెప్తాను. ఈ రెండూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు. జలుబు, పుండు, బొబ్బ, ఇవి రోజుల్లో, వారాల్లో తేలే సంగతులు. అక్కడ మనసు ఒంటిమీద పని చేస్తుందని కళ్లారా చూశాం. ఆయుష్షు మాత్రం వెయ్యి సంగతులు కలిసి తేల్చేది. సంతోషం అందులో ఒంటరిగా పనిచేయదు. మనసు బాగున్నవాడు పెందరాళే పడుకుంటాడు, లేచి నాలుగడుగులు వేస్తాడు, మాత్ర మరిచిపోడు, పలకరింపుకి పలుకుతాడు. దిగులుగా ఉన్నవాడికి స్నానం చేయడమే కొండ. జబ్బు దిగులు తెస్తుంది, దిగులు నిద్ర చెడగొడుతుంది, నిద్ర చెడితే జబ్బు ముదురుతుంది. ఈ సుడిలో మొదలెక్కడో వెతికేకంటే, చెయ్యి ఎక్కడ పెట్టగలమో చూడటం మేలు.

అందుకే నాకు ఒకటి గట్టిగా చెప్పాలనుంది. మంచంలో ఉన్నవాళ్ల దగ్గరికెళ్లి "సంతోషంగా ఉండండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అనకండి. చాలామంది మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాటలో, నీ దిగులు వల్లే నీకీ జబ్బు అనే నింద దాగుంటుంది. క్యాన్సరు వచ్చిన ఆవిడ నవ్వలేకపోతే అది ఆవిడ తప్పు కాదు. ఆ మాట అనకూడదనడానికి బ్రిటన్ ఆడవాళ్ల లెక్క చాలు.

చెయ్యి పెట్టగలిగిన చోట్లలో మొదటిది నిద్ర. కోహెన్ మళ్లీ చుక్కలు వేశాడు, ఈసారి 153 మందికి. ముందు రెండు వారాలపాటు రోజూ ఎన్ని గంటలు పడుకున్నారని అడిగాడు. ఏడు గంటలకంటే తక్కువ పడుకున్నవాళ్లకి, ఎనిమిది గంటలు, ఆపైన పడుకున్నవాళ్లకంటే జలుబు పట్టే అవకాశం మళ్లీ దాదాపు మూడు రెట్లు. పక్కమీద మెలకువతో దొర్లేవాళ్లకైతే అయిదు రెట్ల పైనే. 2009 నాటి మాట ఇది. దుప్పటి కప్పుకుని ఫోన్ చూసే గంట నిద్ర లెక్కలోకి రాదు, చిన్నోడా, నీకే చెప్తున్నా.

రెండోది నడక. డ్యూక్ యూనివర్సిటీలో జేమ్స్ బ్లూమెంథాల్ 156 మంది డిప్రెషన్ రోగుల్ని, అందరూ యాభై దాటినవాళ్లే, మూడు గుంపులు చేశాడు. ఒకరికి మందు, ఒకరికి వారానికి మూడుసార్లు అరగంట వేగంగా నడకో పరుగో, ఒకరికి రెండూ. 16 వారాలయ్యేసరికి మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి. మందు తొందరగా పట్టింది, నడక నెమ్మదిగా అందుకుంది. 1999లో ఈ ఫలితం వచ్చాక మందులు మానేసి నడిస్తే చాలనుకున్నవాళ్లున్నారు. అది మాత్రం డాక్టర్ని అడక్కుండా చేయకూడని పని. దిగులు వారాల తరబడి వదలకపోతే, తిండి సయించకపోతే, బతుకు మీద విరక్తి మాటలు వస్తుంటే, ముందు డాక్టరు, తర్వాతే నడక. ఇంకో సంగతి, వాళ్లని నడిపించింది గుంపుగా. నడకతోపాటు తోడు కూడా పని చేసి ఉంటుందని నా నమ్మకం.

తోడు అంటే గుర్తొచ్చింది, మనుషులు ఎప్పుడు నవ్వుతారో తెలుసుకోవడానికి రాబర్ట్ ప్రొవైన్ అనే ఆయన తన విద్యార్థుల్ని బజార్లకీ, కాలేజీ ఆవరణలకీ పంపాడు. వాళ్లు పన్నెండు వందల నవ్వులు రాసుకొచ్చారు. ఎక్కువ నవ్వులు జోకులకి రానేలేదు. "అదుగో వాడొచ్చాడు", "సరే మళ్లీ కలుద్దాం" అన్నంత మామూలు మాటలకే వచ్చాయి. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ముప్పై రెట్లు ఎక్కువ నవ్వుతాడని ఆయన లెక్క. ముంబైలో డాక్టర్ మదన్ కటారియా 1995లో అయిదుగురితో పార్కులో నవ్వుల క్లబ్బు పెడితే, అది దేశదేశాలకీ పాకింది. అక్కడ పనిచేసేది నవ్వా, రోజూ పొద్దున్నే నలుగురు ఎదురుచూడటమా అంటే, నేను రెండోదానికే ఎక్కువ మార్కులేస్తాను. నా ఓటుకి కారణముంది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ అనే ఆవిడ మూడు లక్షలమందికి పైగా ఉన్న 148 అధ్యయనాల్ని ఒకచోట చేర్చి చూసింది. మనుషులతో గట్టి సంబంధాలున్నవాళ్లకి ఆ అధ్యయనాల కాలంలో బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువ.

చివరగా ఇంకొక పుండు కథ. 1995లో కీకోల్ట్-గ్లేసర్ 13 మంది ఆడవాళ్లని తీసుకుంది. అందరూ ఇంట్లో మతి తప్పిన పెద్దవాళ్లకి చాకిరీ చేస్తున్నవాళ్లు. అదే వయసు, అంతే రాబడి ఉండి, అలాంటి చాకిరీ లేని మరో 13 మందిని పక్కన పెట్టింది. ముంజేతి మీద అందరికీ ఒకే కొలత పుండు. మానిందో లేదో చూడటానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేసేవాళ్లు. దెబ్బ తగిలినప్పుడు ఆస్పత్రిలో వేస్తే బుసబుసా నురగ వస్తుంది చూడండి, అదే మందు. నురగ రావడం ఆగిపోతే మానినట్టు లెక్క. చాకిరీ లేనివాళ్లకి సగటున 39 రోజుల్లో నురగ ఆగింది. చేస్తున్నవాళ్లకి దాదాపు 49 రోజులు పట్టింది. పది రోజులకి కాస్త తక్కువ తేడా. మంచంలో ఉన్నవాళ్లని అందరూ చూడటానికి వస్తారు. మంచం పక్కన కూర్చున్న మనిషి ఒంట్లో ఏం జరుగుతోందో చెప్పడానికి ఎవరో ఇలా నురగ లెక్కపెట్టాల్సి వచ్చింది.

పక్క సందులో మాస్టారు పక్షవాతం వచ్చి పడుకున్నాక మామ్మగారు గుమ్మం దాటడం నేను చూడలేదు. రాత్రి మూడుసార్లు లేస్తుంది ఆవిడ. అందుకని ఈ ఆదివారం నుంచి మీ ఇద్దరికీ ఒక పని చెప్తున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు మీరు మాస్టారి దగ్గర కూర్చోండి. ఆవిడ లోపలి గదిలో తలుపేసుకుని పడుకుంటుందో, చెల్లెలింటికెళ్లి కబుర్లు చెప్పుకుంటుందో ఆవిడ ఇష్టం, అడగకండి. చదరంగం బోర్డు పట్టుకెళ్లండి. మాస్టారికి ఎడమ చెయ్యి ఆడుతుంది, తెల్ల పావులు ఆయనకే ఇవ్వండి. ఎత్తు వేయడానికి చాలాసేపు తీసుకుంటారు. తొందరపెట్టొద్దు. మంచినీళ్లు చెంచాతో పట్టాలి, తల కాస్త ఎత్తి. ఎలాగో బుజ్జికి నేను శనివారం చూపిస్తాను.